పట్టినంత మాత్రాన పనిచెయ్యదు

మా చుట్టాల్లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అంటే ఒక్కటే అర్థం. ప్లగ్గులో పెట్టే ప్రతి వస్తువు గురించీ వాడికి తెలుసు అని. ప్రింటరు కాయితం నమిలేసినా, టీవీకి వైఫై తగలకపోయినా, ఫోన్లో ఫొటోలు మాయమైనా కబురు నాకే వస్తుంది. "నేను జావా రాసుకునేవాణ్ణి పిన్నీ, ప్రింటర్లు బాగుచేసేవాణ్ణి కాదు" అని చెప్పి చూశాను. "అదేరా, అదీ కంప్యూటరే కదా" అంది. ఇహ వాదించి లాభం లేదని వదిలేశాను. పైగా నిజం చెప్పొద్దూ, అలా అడుగుతుంటే లోపల్లోపల కాస్త గొప్పగానే ఉంటుంది. మీలో చాలామందికి ఇది తెలిసిన సంగతే :) ఆ గొప్పే ఒకసారి మా పిన్ని కొడుకు జేబుకి చిల్లు పెట్టింది. ఆ కథా, దాని వెనకాల నా అభిప్రాయం ఒకటీ చెబుదామని ఇది రాస్తున్నా.

2023 వేసవి. మావాడు నరసరావుపేటలో ఎంసీఏ ఆఖరి సెమిస్టరులో ఉన్నాడు. వాడి దగ్గరున్న లాప్‌టాప్ 2017లో వాళ్ళక్క బీటెక్ కోసం కొన్నది. ఏడో తరం ఇంటెల్ ప్రాసెసరు, ఒక టీబీ హార్డ్ డిస్కు. ఆన్ చేసి, స్నానం చేసి, టిఫిన్ తినొచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి.

"అన్నయ్యా, మూడు వారాల్లో ప్రాజెక్టు డెమో ఉంది. ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే బిగుసుకుపోతోంది. కొత్తది అడిగితే నాన్న ఒప్పుకోడు. ఏం చెయ్యమంటావ్?" అని ఫోను.

నేనేమో మీటింగులో ఉన్నాను. మ్యూట్‌లో పెట్టి వాడి మోడల్ పేరు కొట్టి చూశాను. ఎక్కడో "ఎం.2 స్లాట్ కలదు" అని కనపడింది. అంతే. "ఒరేయ్, 512 జీబీ ఎన్వీఎంఈ ఎస్సెస్డీ ఒకటి తెప్పించుకో. ఒక్క స్క్రూ తిప్పితే చాలు, రాకెట్‌లా పోతుంది" అని చెప్పేశాను. మొత్తం ముప్ఫై సెకన్ల సలహా.

వాడు పిల్లలకి ట్యూషన్లు చెప్పి దాచుకున్న మూడు వేల చిల్లర పెట్టి తెప్పించాడు. వీడియోలు చూసి జాగ్రత్తగా వెనక మూత ఊడదీశాడు. డ్రైవు స్లాట్‌లోకి చక్కగా దిగింది. బిగించే స్క్రూ మాత్రం లేదు (చాలా లాప్‌టాప్‌లలో ఖాళీ స్లాటుకి ఆ చిన్న స్క్రూ ఇవ్వరు, డ్రైవుతోనూ రాదు, ముందే చూసుకోండి). ఫోన్ రిపేరు కొట్టుకి వెళ్ళి అదీ సంపాదించాడు. అంతా అయ్యాక ఆన్ చేస్తే బయోస్‌లో డ్రైవు లేదు, విండోస్‌లో లేదు. తీసి పెట్టాడు, మళ్ళీ తీసి పెట్టాడు. ఉహూఁ. వెనక్కి పంపుదామంటే, సీలు విప్పిన సరుకు తీసుకోమన్నాడు అమ్మినవాడు.

ఇంతవరకూ డబ్బు సంగతే. నన్ను నిజంగా పొడిచింది వేరే. వాళ్ళ నాన్న, అంటే మా బాబాయి, వాణ్ణి కూర్చోబెట్టి అన్న మాట: "అన్నయ్య చెప్పింది తప్పెందుకవుద్దిరా, వాడు అంత పెద్ద కంపెనీలో చేస్తున్నాడు. నువ్వే ఏదో పాడు చేసుంటావు." నాలుగు రోజులు వాడు ఆ మాట పడి ఊరుకున్నాడు తప్ప నాకు ఫోను చెయ్యలేదు. ఐదో రోజు పిన్ని చెబితే నాకు తెలిసింది.

అసలు జరిగిందేంటంటే, ఆ లాప్‌టాప్‌లో ఎం.2 స్లాట్ ఉన్నమాట నిజమే. కానీ అది సాటా మాత్రమే మాట్లాడే స్లాట్. నేను కొనిపించిందేమో ఎన్వీఎంఈ మాట్లాడే డ్రైవు. ఎం.2 అనేది కేవలం ఆకారం పేరు. ఆ ఆకారంలో ఏ భాష నడుస్తుందన్నది వేరే సంగతి. మీ ఇంట్లో ఉన్న టైప్-సి కేబుళ్ళే చూడండి. అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఒకటి ఛార్జింగ్‌కే పనికొస్తుంది, ఒకటి డేటా పంపుతుంది, ఒకదానితో మానిటరు కూడా నడుస్తుంది. సరిగ్గా ఇదీ అంతే.

ఈ సాటా ఎస్సెస్డీలు వాడే ఏహెచ్‌సీఐ పద్ధతి తిరిగే డిస్కుల కాలం నాటిది. దాన్లో ఒకటే క్యూ, అందులో 32 కమాండ్లు. ఎన్వీఎంఈ మొదటి స్పెసిఫికేషన్ 2011లో వచ్చింది. ఇది పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద నడుస్తుంది, వేల క్యూలు పెట్టుకోవచ్చు, ఒక్కో క్యూలో వేల కమాండ్లు. రెండింటికీ చుట్టరికం లేదు. అందుకని సాటా స్లాట్‌లో ఎన్వీఎంఈ పెడితే "కాస్త నెమ్మదిగా నడుస్తుందేమో" అనుకోవడానికి లేదు. అసలు కనపడదు.

మరి గాట్లు చూసి తెలుసుకోవచ్చు కదా అంటారా? నేనూ అదే అనుకున్నా. ఎం.2 డ్రైవు కొన దగ్గర గాట్లు ఉంటాయి, బి-కీ, ఎం-కీ అని. మామూలుగా ఎం.2 సాటా డ్రైవులకి రెండు గాట్లు, ఎన్వీఎంఈలకి ఒకటే గాటు. కానీ రెండు గాట్లున్న ఎన్వీఎంఈ డ్రైవులు కూడా వచ్చాయి. స్లాట్ సంగతి ఇంకా ఘోరం. ఎం-కీ స్లాట్ కొన్ని లాప్‌టాప్‌లలో సాటా మాత్రమే, కొన్నిట్లో పీసీఐఈ మాత్రమే, కొన్నిట్లో రెండూ. పైకి చూస్తే మూడూ ఒకటే. మావాడిది సరిగ్గా ఇలాంటిదే.

ఈ దెబ్బతో కూర్చుని నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరడిగినా నాలుగు ప్రశ్నలకి జవాబు దొరికేదాకా "కొను" అనే మాట అనను.

ఒకటి, అసలు మార్చడానికి వీలుందా? చవక లాప్‌టాప్‌లు కొన్నిట్లో ఈఎంఎంసీ ఉంటుంది, అది బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది. పక్కన ఖాళీ స్లాట్ లేకపోతే చేసేదేమీ లేదు. 2020 నుంచి ఆపిల్ సొంత చిప్పులతో వస్తున్న మ్యాక్‌బుక్‌లలో కూడా స్టోరేజీ బోర్డు మీదే. అంతకుముందు 2013 నుంచి 2017 దాకా వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లలో అది ఊడుతుంది గానీ, కనెక్టరు ఆపిల్ సొంతది. మామూలు ఎన్వీఎంఈ పెట్టాలంటే ఒక అడాప్టరు కావాలి, పైగా మ్యాక్ ఓఎస్ హై సియెరా లేదా ఆ తర్వాతది ఉండాలి. పాత లాప్‌టాప్ అయితే 2.5 అంగుళాల చోటు ఉంటుంది. మరికొన్నిట్లో ఎం-సాటా ఉంటుంది, అది ఎం.2 కాదు, పేరు చూసి పొరబడకండి. ఇంకో మాట, ఇప్పటి వైఫై కార్డులు కూడా ఎం.2 ఆకారంలోనే వస్తాయి. లోపల చిన్న స్లాట్ కనపడగానే ఎస్సెస్డీ పట్టేస్తుందని సంబరపడొద్దు.

రెండు, ఏ భాష? ఇది పైన చెప్పేశాను. సాటానా, ఎన్వీఎంఈనా, రెండూనా.

మూడు, కొలత. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. 2242, 2230 కూడా అలాగే చదువుకోవాలి. 42 పొడవుకే చోటున్న లాప్‌టాప్‌లో 80 డ్రైవు పట్టదు. పొట్టిది పొడుగు చోట పట్టొచ్చు గానీ, స్క్రూ బిగించే దిమ్మె ఆ దూరంలో ఉందో లేదో చూసుకోవాలి. మందం కూడా ముఖ్యమే. రెండు వైపులా చిప్పులున్న డ్రైవు కొన్ని పల్చటి లాప్‌టాప్‌లలో కింద తగులుతుంది. హీట్ సింక్ అతికించి వచ్చేవి డెస్క్‌టాప్ వాళ్ళకి, మనకి కాదు. 2.5 అంగుళాలదైతే ఎస్సెస్డీలు సాధారణంగా 7 మిల్లీమీటర్ల మందం. పాత హార్డ్ డిస్కు 9.5 ఉంటే కొత్తది వదులుగా కూర్చుంటుంది, సందులో పెట్టడానికి ప్లాస్టిక్ చట్రం కావాలి.

నాలుగు, బూట్ అవుతుందా? స్లాట్‌లో పట్టి, భాష కలిసినా, పాత బయోస్‌లకి ఎన్వీఎంఈ నుంచి బూట్ చెయ్యడం రాదు. విండోస్ 7లో ఎన్వీఎంఈ డ్రైవరే లేదు, తర్వాత మైక్రోసాఫ్ట్ విడిగా ఇచ్చింది. 8.1 నుంచి లోపలే ఉంది. కొత్త లాప్‌టాప్‌లలో దీనికి ఇంకో రూపం ఉంది. 11వ తరం ఇంటెల్ నుంచి చాలావాటిల్లో వీఎండీ అనే సెట్టింగు ఆన్‌లో ఉంటుంది. డ్రైవు బయోస్‌లో చక్కగా కనపడుతుంది, విండోస్ ఇన్‌స్టాలరు మాత్రం "డ్రైవులేమీ లేవు" అంటుంది. కంగారుపడి డ్రైవు తిప్పి పంపకండి. ఇంటెల్ స్టోరేజీ డ్రైవరు పెన్‌డ్రైవులో వేసుకుని, ఇన్‌స్టాల్ మధ్యలో లోడ్ చేస్తే కనపడుతుంది.

తరం గురించి విడిగా ప్రశ్న పెట్టలేదు. ఎందుకంటే అక్కడ పనిచెయ్యకపోవడం అంటూ ఉండదు, డబ్బు దండగే ఉంటుంది. పీసీఐఈ నాలుగో తరం డ్రైవు మూడో తరం స్లాట్‌లో నడుస్తుంది, మూడో తరం వేగంతో. అంటే సెకనుకి సుమారు 3,500 ఎంబీ దగ్గర ఆగుతుంది. డబ్బా మీద 7,000 అని రాసుందని ఎక్కువ పోస్తే ఆ తేడా కంపెనీకి దక్షిణ.

ఇవన్నీ ఎక్కడ చూడాలి? టాస్క్ మేనేజరులోనో, పవర్‌షెల్లో గెట్-ఫిజికల్‌డిస్క్ కొట్టో చూస్తే ఇప్పుడున్న డ్రైవు ఏ రకమో తెలుస్తుంది. ఖాళీ స్లాట్ సంగతి తెలీదు. అమ్మకాల పేజీల్లో "512 జీబీ ఎస్సెస్డీ" అని తప్ప ఇంకేమీ ఉండదు. చూడాల్సింది సర్వీస్ మాన్యువల్. డెల్, హెచ్‌పీ, లెనోవో లాంటివాళ్ళు చాలా మోడళ్ళకి వీటిని తమ సైట్లలో ఉచితంగానే పెడతారు. లెనోవో అయితే పీఎస్‌రెఫ్ అని ప్రతి మోడల్‌కీ ఎన్ని స్లాట్లు, ఏ పొడవు, ఏ భాష అని పట్టిక ఇస్తుంది. అయిదు నిమిషాల పని. ఆ రోజు నేను చెయ్యనిది అదే.

ఇప్పుడు నా అభిప్రాయం. అది రెండు ముక్కలు.

మొదటిది కంపెనీల మీద. మాన్యువల్ ఎక్కడో పెట్టాం కదా అంటే సరిపోదు. లాప్‌టాప్ అడుగున అచ్చేసే ఆ చిన్న అక్షరాల్లో ఛార్జరు వోల్టులు రాస్తారు, ఏ దేశంలో తయారైందో రాస్తారు. "ఎం.2 2280, సాటా మాత్రమే" అని ఇంకో వరస రాస్తే వాళ్ళ సొమ్మేం పోతుంది? ఒకే మోడల్ పేరు కింద వేరువేరు బోర్డులు అమ్ముతారు కాబట్టి పేరు చూసి తెలుసుకునే దారి కూడా లేదు. ఫ్రాన్సులో 2021 జనవరి నుంచి లాప్‌టాప్‌లు అమ్మేటప్పుడు ఎంత తేలిగ్గా బాగుచెయ్యొచ్చో పదికి మార్కులు వేసి చూపించాలి. మన దగ్గర కూడా 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. మంచిదే. కానీ మార్కులూ పోర్టళ్ళూ వచ్చినా, నరసరావుపేట కుర్రాడికి కావాల్సింది ఆ ఒక్క వరసే. అది చదవడానికి ఇంజనీరు అన్నయ్య అక్కర్లేదు.

రెండోది మన మీద, అంటే ఇది చదువుతున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళ మీద. ఆఫీసులో ఒక లైబ్రరీ వెర్షన్ మార్చాలంటే మనం ఎంత తతంగం చేస్తాం! రిలీజ్ నోట్స్ చదువుతాం, ఏది విరుగుతుందో చూస్తాం, ముందు టెస్టు సర్వర్లో వేస్తాం, వెనక్కి తిప్పుకునే దారి పెట్టుకుంటాం. అదే చుట్టాలబ్బాయి అడిగితే ముప్ఫై సెకన్లలో తీర్పు చెప్పేస్తాం. ఎందుకంటే తప్పైతే ఆఫీసులో మనల్ని అడుగుతారు. ఇంట్లో ఎవరూ అడగరు, పైపెచ్చు విన్నవాణ్ణే తిడతారు. మన జీతాలకి మూడు వేలంటే ఒక శనివారం రాత్రి భోజనం. వాడికది మూడు నెలల ట్యూషన్లు.

"మనం హార్డ్‌వేర్ వాళ్ళం కాదు కదా, పొరపాటు సహజం" అని ఒక స్నేహితుడన్నాడు. హార్డ్‌వేర్ తెలియకపోవడం తప్పు కాదు. నాకు ఆ రోజు తెలియదు. తెలియదన్న సంగతి మాత్రం తెలుసు. తెలిసీ "రాకెట్" అన్నాను చూడండి, అదీ తప్పు.

ఇంకో సంగతి. రాకెట్ అనడమే అనవసరం. తిరిగే డిస్కులో ఒక్క ముక్క వెతకడానికి పది మిల్లీసెకన్ల పైనే పడుతుంది. ఎస్సెస్డీలో, అది సాటాదైనా సరే, మిల్లీసెకనులో పదో వంతు కూడా పట్టదు. హార్డ్ డిస్కు నుంచి ఏ ఎస్సెస్డీకి మారినా మామూలు మనిషికి తేడా అక్కడే తెలిసిపోతుంది. సాటాలో సెకనుకి 550 ఎంబీ, ఎన్వీఎంఈలో 3,500 అన్నది పెద్ద పెద్ద వీడియో ఫైళ్ళు అటూ ఇటూ తోసేవాళ్ళకి ముఖ్యం. వాడికి కావాల్సింది లాప్‌టాప్ లేవడం, ఆండ్రాయిడ్ స్టూడియో తెరుచుకోవడం. నేను వాడికేం కావాలో చూడలేదు, నాకేం తెలుసో చూపించుకున్నాను.

సరే, కథ ముగిస్తా. పిన్ని చెప్పిన రోజే వాడికి ఫోను చేశాను, తప్పు నాదని చెప్పాను. తర్వాత బాబాయికి కూడా చేసి చెప్పాను. (బాబాయి నమ్మలేదు. "నువ్వు వాణ్ణి వెనకేసుకొస్తున్నావులే" అన్నాడు.) శుక్రవారం రాత్రి బస్సెక్కి లాప్‌టాప్ సంచితో సహా హైదరాబాదులో దిగాడు. ఇద్దరం సికింద్రాబాదులో సీటీసీకి వెళ్ళాం. అక్కడ కొట్లో కుర్రాడికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. నేను నోరు తెరిచి "సాటా ఎస్సెస్డీ" అనేలోపే, "ఉండండి సార్, ముందు మూత తీసి చూద్దాం" అన్నాడు. తీశాడు, చూశాడు, బోర్డు మీద నంబరు ఫోన్లో వెతికాడు, అప్పుడు చెప్పాడు. "ఎం.2 సాటా కూడా పెట్టొచ్చు సార్. కానీ రేపు ఈ లాప్‌టాప్ పోతే దాన్ని పెట్టుకునే చోటు దొరకదు. 2.5 అయితే ఏ పాత సీపీయూలో అయినా పెట్టుకోవచ్చు." పదిహేనేళ్ళ అనుభవం ఉన్న నేను చెయ్యని పని ఆ కుర్రాడు చేశాడు.

2.5 అంగుళాల 500 జీబీ తీసుకున్నాం. పాత హార్డ్ డిస్కు డీవీడీ డ్రైవు చోట ఒక క్యాడీలో పెట్టించాం (క్యాడీ కూడా 9.5, 12.7 అని రెండు మందాల్లో వస్తుంది, కొలిచి కొనాలి). డబ్బు నేనిచ్చాను. ఆ ఎన్వీఎంఈ డ్రైవు నేను కొనుక్కుని, ఒక యూఎస్‌బీ కేసింగులో వేసుకున్నాను. ఇప్పటికీ నా బ్యాకప్పులు దాని మీదే. చేతికి తగిలినప్పుడల్లా బాబాయి మాట గుర్తొస్తుంది. వాడి డెమో బాగానే అయింది, ఉద్యోగమూ వచ్చింది.

మీరు మార్చబోయే ముందు ఒక చిన్న జాగ్రత్త. డేటా కాపీ తీసుకోండి. బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీ వేరే చోట రాసిపెట్టుకోండి. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లోపలికెళితే చాలా లాప్‌టాప్‌లలో అది మీకు చెప్పకుండానే ఆన్ అయిపోతుంది. పాత డ్రైవు బయటికి తీశాక కీ లేకపోతే, లోపలి ఫొటోలు కళ్ళెదుటే ఉన్నా మీవి కావు.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది కదా. ఆ వారంలోనే మావాడు మళ్ళీ ఫోను చేశాడు. ఆ పాత లాప్‌టాప్ ఇప్పుడు బాబాయి వాడుతున్నాడట, కరెంటు బిల్లులూ భాగవతం వీడియోలూ. "అన్నయ్యా, దీనికి విండోస్ 11 రాదంటోంది. ఇంకా పెద్ద ఎస్సెస్డీ వేస్తే వస్తుందా?" అన్నాడు.

నోటిదాకా వచ్చింది జవాబు. మింగేసి, "చూసి చెప్తాను, సాయంత్రం దాకా ఆగు" అన్నాను. చూశాను. అడ్డు డిస్కు కాదు, ప్రాసెసరు. ఏడో తరం ఇంటెల్‌లో ఒకటీ అరా తప్ప మైక్రోసాఫ్ట్ జాబితాలో లేవు. ఎస్సెస్డీ ఎంత పెద్దదేసినా ఒరిగేదేమీ లేదు. సాయంత్రం అదే చెప్పి, డబ్బు ఖర్చు పెట్టొద్దన్నాను. ఆదివారం వీడియో కాల్లో కూర్చుని ఇద్దరం దాంట్లో లినక్స్ మింట్ వేశాం.

బాబాయికి బాగానే ఉందట. ప్రింటరు మాత్రం పనిచెయ్యట్లేదట. చూసి చెప్తానన్నాను.